పుండుకు పూసిన లవంగ నూనె

“నోరు తెరువయ్యా, కరెంటు గదిలోకి పిలిచేస్తారు!” అంటూ ఆసుపత్రి వరండాలో బస్సు డ్రైవరు నోటి పుండ్లకు భార్య లవంగ నూనె అద్దుతోంది. క్యాన్సరుకు రేడియేషన్ కరెంటు పెట్టిన దగ్గర్నుంచీ అతనికి మంచినీళ్లు కూడా దిగడం లేదు.

నర్సు వాసన పట్టి సీసా లాక్కుంది. “పుండు మీద నిప్పు పోస్తున్నావమ్మా! ఎవరు చెప్పారు?”

“ఫోన్లో ఎవడో వాగితే విన్నాను.” భార్య మొగుడి వైపు తిరిగింది. “పూసినప్పుడల్లా హాయిగా ఉందన్నావు కదయ్యా?”

“పూస్తున్నంతసేపూ నువ్వు ఏడవవు కదే.”

నర్సు ఉప్పూ సోడా కలిపిన నీళ్లిచ్చింది. “దీంతో పుక్కిలించండి. మండితే దాచకండి.”

భార్య గ్లాసు అతని పెదాలకు ఆనించింది. “నేనేడిస్తే ఏడుస్తాను, పెద్ద మొనగాడివి! నీ అబద్ధం నాకొద్దు.”

అతను పుక్కిలించి ఉమ్మాడు. లోపల్నుంచి పిలిచారు. లేవకుండా ఆమె చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“భయమేస్తోందే,” అన్నాడు.