గంప కింద పిల్లి

పెంచుకున్న నల్లపిల్లి గోవిందమ్మ చేతిని కొరికింది. అంతకు రెండు రోజుల ముందు నుంచే దాని వాలకం బాగాలేదు.

కొట్టంలో గంప కింద మూసిపెట్టిన దాన్ని ఆళ్లగడ్డ పశువుల డాక్టరు గంప సందుల్లోంచే చూశాడు. దవడ జారిపోయింది. చొంగ కారుతోంది. వెనక కాళ్లు ఈడుస్తోంది. అరిస్తే గొంతు వేరేగా ఉంది. వెలుతురు పడితే మూలకు దూరుతోంది.

"మెదడుకెక్కిన రోగంలా ఉందప్పా. పది రోజులు చూడండి. బతికితే ఆ రోగం కాదు. చస్తే అదే. ఆమెకు సూదులు మాత్రం ఈరోజే మొదలుపెట్టండి."

బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు. రోజుకొకటి. నంద్యాల ఆసుపత్రిలో. పందొమ్మిది వందల యాభై ఏడు ఎండాకాలం, దుమ్ములో బస్సు.

గోవిందమ్మ అన్నం మానేసింది. "అది సస్తే నేనూ సస్తా" అంటూ కొట్టం వైపే చూస్తూ కూర్చుంది. మొగుడు ఓబులేసు ఆమెను గంప దగ్గరికి పోనివ్వలేదు. మూడో రోజు గంప మీద గోనె కూడా కప్పాడు. సూది వేయించి ఆమెను ఇంట్లో దింపి, ఏదో పనుందని మళ్లీ బస్సెక్కాడు. పొద్దుగూకాక వచ్చాడు.

నాలుగో రోజు పొద్దున్నే కేకేశాడు.

"ఏమ్మే, రా! పాలు తాగుతాండాది!"

గోవిందమ్మ గడప దగ్గర్నుంచే తొంగిచూసింది. గోనె తీసిన గంప సందుల్లో నల్లపిల్లి గిన్నె నాకుతోంది. ఆ పూట ఆమె రెండు సంగటి ముద్దలు తింది. తిని చెయ్యి కడుక్కుని, "ఇంక నాకు సూదులెందుకయ్యా?" అంది.

"బస్సొస్తాది, లెయ్."

రోజూ అదే రగడ. ఓబులేసు కళ్లు గుంటలు పడ్డాయి. ఒకప్పుడు ఊరిని నవ్వించడానికి కోతలు కోసేవాడు. ఇప్పుడు పెళ్లాం మధ్యలో బస్సు దిగిపోకుండా కోస్తున్నాడు.

"మా తాతకు నూటెనిమిది సూదులు పొడిసిరి. నీళ్లు తాగితే జల్లెడ మాదిరి కారేటివి."

"మీ తాతనే పిల్సకరా. నా బదులు పొడిపించుకుంటాడు."

పదకొండో రోజు ఆసుపత్రిలో ఆమె బల్ల ఎక్కనంది.

"పది దినాలు దాటె. పిల్లి దుక్క మాదిరి ఉండాది. నా కడుపేమో రాయైపాయె. ఏందయ్యా నీకు నా మింద ఇంత కసి?"

కాంపౌండరు రంగనాథం ఓబులేసు వైపు చూశాడు.

"డాక్టరు రాసినవన్నీ పొడవండి సార్," అన్నాడు ఓబులేసు, తలెత్తకుండా.

పద్నాలుగోదీ అయింది. గోవిందమ్మ మొగుడి మొహం చూడకుండా పోయి బయట మెట్ల మీద కూలబడింది.

రంగనాథం సిరంజిని వేడినీళ్లలో వేస్తూ విసుక్కున్నాడు. "పిల్లి బతికిందని నువ్వొక మాట చెప్పుంటే డాక్టరే ఆపించేవాడు గదప్పా. ఆమెనెందుకు ఇంత ఏడిపించినావ్?"

ఓబులేసు తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

"అది మూడో దినం పొద్దున్నే సచ్చిపాయె సార్, ఇప్పుడు గంప కింద ఉండేది బండి ఆత్మకూరులో మా చెల్లెలింటి పిల్లి."