అంబ్రాజ్ గుమ్మంలో గిన్నెల మోత

“తలుపు తీస్తావా, పీకెయ్యమంటావా?”

అంబ్రాజ్ చేతిలోని బాడిసె కింద పెట్టి తలుపు తీశాడు. బయట సగం ఊరు ఉంది. మగవాళ్ళు కోట్లు తిరగేసి తొడుక్కుని, ముఖాలకు మసి పూసుకున్నారు. ఆడవాళ్ళ చేతుల్లో మూకుళ్ళు, గరిటెలు. అందరికంటే ముందు అతని స్నేహితుడు బాజిల్, ఇనప కుండను సుత్తితో బాదుతున్నాడు.

“ఏమిట్రా ఇది?”

“షరివరి. కొత్త పెళ్ళికొడుక్కి ఆ మాత్రం తెలీదా?”

తెలియకేం. సెయింట్ లూయీలో ఎవరు మారుమనువు చేసుకున్నా, ఊరికి విందూ ఆటపాటలూ ఇచ్చేదాకా, పొద్దుగూకితే చాలు వాళ్ళ గుమ్మంలో గిన్నెలు మోగుతూనే ఉంటాయి. ఎందరి గుమ్మాల్లోనో అంబ్రాజే మోగించాడు.

“నేనెవర్ని చేసుకున్నానురా?”

“పెలాజీని. పోయిన ఆదివారం ఇద్దరూ ఒకే పడవలో అవతలి ఒడ్డుకి వెళ్ళలేదూ? అక్కడి కహోకియా ఊరి ఫాదరీ దగ్గర గుట్టుగా కానిచ్చేశారటగా.”

“నేను మేకులు కొనడానికి వెళ్ళాను. ఆవిడ పిండి కొనుక్కోడానికి వచ్చింది. ఆ రెండు బస్తాలూ నేనే మోశాను.”

“విన్నారా, కాదంటున్నాడు,” అన్నాడు బాజిల్ జనం వైపు తిరిగి. “కాదన్నాడంటే అయిందన్నట్టే.”

విందు ఖర్చుకి జడిసి మొదట అందరూ కాదనే అంటారు. మోత రెట్టింపయింది.

నిజానికి అంబ్రాజ్ ఆ సాయంత్రం తన పనిముట్లు పెట్టెలో సర్దుకుంటున్నాడు. ఈ ఒడ్డున అడవి తప్ప ఏమీ లేని రోజున గొడ్డళ్ళతో దిగిన మొదటి జట్టులో అతనొకడు. ఊళ్ళో సగం ఇళ్ళకు నిలువు దుంగలు పాతింది అతనే. భార్య జ్వరంతో పోయాక మాత్రం, తాను కట్టిన ఇన్ని గుమ్మాల్లో తనకోసం ఎదురుచూసే గుమ్మం ఒక్కటీ లేకపోయింది. వితంతువు పెలాజీ కంచె ఏటా బాగుచేశాడు. ఇంటి కప్పు నేశాడు, పొగగొట్టం కట్టాడు. మనసులో మాట ఒక్కటే చెప్పలేకపోయాడు. “అడగందే అమ్మైనా పెట్టదురా,” అని బాజిల్ ఎన్నిసార్లు పోరినా లాభం లేకపోయింది. ఇప్పుడు నదిలో మంచు కరిగింది. బొచ్చుతోళ్ళ పెద్ద పడవ మూడు రోజుల్లో న్యూ ఆర్లియన్స్‌కు కదులుతుంది. అందులో వెళ్ళిపోయి ఇక తిరిగి రాకూడదనుకున్నాడు.

జనం అతన్ని లాక్కుంటూ పెలాజీ ఇంటికి నడిచారు. ఆవిడ వంట మధ్యలో గరిటెతోనే బయటికి వచ్చింది.

“ఎవరా పుకారు పుట్టించింది? వాళ్ళ నోట్లో ఈ గరిటె పెట్టి తిప్పుతాను.”

“పెళ్ళికూతురికి సిగ్గు ముంచుకొస్తోంది,” అన్నారెవరో.

“ఏమయ్యా అంబ్రాజ్, నీ పనేనా ఇది?”

“నాకంత ధైర్యమే ఉంటే...” అని ఆగిపోయాడు.

“ఆఁ, ఉంటే?”

గిన్నెలు కూడా ఒక్క క్షణం ఆగాయి. అంబ్రాజ్ టోపీ నలుపుతూ నిలబడిపోయాడు. పెలాజీ ధడాలున తలుపు వేసుకుంది.

మర్నాడూ అదే తంతు. మూడో సాయంత్రం దిగువ ఊరి నుంచి డప్పులవాళ్ళు కూడా దిగారు. ఆ ఊరికి ఖాళీజేబు అని ముద్దుపేరు. సెయింట్ లూయీలో పిండికి ఎప్పుడూ కటకటే కాబట్టి, దీన్ని వాళ్ళు రొట్టెకరువు అంటారు.

“రొట్టెకరువులో పెళ్ళంటే గిన్నెల మోత తప్ప పెట్టేదేముంటుందిలే,” అన్నాడు వాళ్ళలో ఒకడు.

“ఖాళీజేబు వాళ్ళు చదివింపులేం తెచ్చారో చూడండర్రా,” అన్నాడు బాజిల్.

తెల్లవారితే పడవ కదులుతుంది. ఆ గోల మధ్యనే అంబ్రాజ్ పెలాజీ పెరటి గుమ్మంలోకి వెళ్ళాడు, సెలవు తీసుకుందామని.

“వెళ్ళొస్తాను. నేను పోతే ఈ అల్లరి అదే సద్దుమణుగుతుంది.”

“బాగానే ఉంది. నువ్వు పడవెక్కితే, మొగుడు వదిలేసి పోయాడని నన్ను ఆడిపోసుకుంటారు. అప్పుడు నేనెవరితో చెప్పుకోను?”

“మరేం చెయ్యమంటావు?”

“నన్నడుగుతావేం? ఇన్ని ఇళ్ళు కట్టినవాడివి, ఒక దారి చూపించలేవా?”

బయట డప్పులు అదరగొడుతున్నాయి.

“వాళ్ళనేది నిజం చేసేద్దామా?” అన్నాడు అంబ్రాజ్. అన్నాక ఇక ఆగలేదు. “ఈ గోల కోసం కాదు. ఏళ్ళ తరబడి ఇదే అడుగుదామని వచ్చి, కంచె బాగుచేసి వెళ్ళిపోయేవాణ్ణి. నువ్వంటే నాకు ప్రాణం, పెలాజీ.”

ఆవిడ పొయ్యి వైపు తిరిగి కుండలో గరిటె తిప్పింది.

“సరేలే. ఈ మోత భరించలేక చస్తున్నాను,” అంది.

పెద్ద పడవ అంబ్రాజ్ లేకుండానే కదిలింది. ఆ ఆదివారం ఊరంతా దోనెలెక్కి కహోకియా వెళ్ళి పెళ్ళి చేయించింది. అయితే ఇంతకు ముందు నిజంగానే చేసుకోలేదా అని చాలామంది నోళ్ళు వెళ్ళబెట్టారు. తిరిగొచ్చాక పెలాజీ ఇంట్లో రెండు బస్తాల పిండీ రొట్టెలై, తీపి పిండివంటలై బల్లల మీదికి వచ్చింది. రొట్టెకరువులో అంత విందు ఎవరూ ఎరగరు. ఖాళీజేబు వాళ్ళయితే జేబుల్లో కూడా నింపుకున్నారు. అంబ్రాజ్ ఆనందం పట్టలేక ఊళ్ళోని ముసలమ్మలందరితోనూ నృత్యం చేశాడు.

బాజిల్ ఫిడేలు పక్కన పెట్టి చెమట తుడుచుకుంటుంటే, అంబ్రాజ్ వెళ్ళి అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు.

“ఒరేయ్, నన్ను పడవెక్కనీకుండా ఎంత గొప్ప అబద్ధం పుట్టించావురా. ఈ జన్మలో మర్చిపోను.”

“నేనా? నీ మీద ఒట్టు, నిజమనే నమ్మి కుండ పట్టుకున్నాను. మా ఆవిడ చెప్పింది.”

“మీ ఆవిడకెవరు చెప్పారు?”

“ఎవరికీ చెప్పొద్దని ఒట్టేయించుకుని మరీ చెప్పిందట. మా ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఊరందరికీ తెలుసుగా.”

“అదేరా, చెప్పిందెవరంటున్నాను.”

బాజిల్ అతన్ని వింతగా చూశాడు.

“మీ ఆవిడే.”