చేతికందించిన బిళ్ళ

"నా ఎముకల బిళ్ళలు ఎవులు తింతన్నారో సెప్పండి. నెలకని తెచ్చిన సీసా సగం నెలకే ఖాళీ అయిపోతన్నాది."

పొద్దున్నుంచీ ఈశ్వరి అత్తగారిది అదే గొడవ.

"తినడానికి అవేమన్నా బెల్లం జీళ్ళా? నువ్వే మర్చిపోయి రెండేసి మింగుతుంటావు," అన్నాడు ఆవిడ కొడుకు జగన్నాధం, కొట్టు తాళాలు వెతుక్కుంటూ. "పద్మా, వ్యాను మాటాడేసినావా?"

చెల్లెలు పద్మకుమారి మనవడికి వచ్చేవారం శ్రీముఖలింగంలో పుట్టువెంట్రుకలు తీయిస్తున్నారు. విజయనగరం నుంచి అందరూ ఒకే వ్యానులో బయల్దేరాలని ఆమె పట్టుదల.

"మాటాడేసినాను. వదినే రానంటన్నాది."

"మీ వదిన్ని ఎక్కించాలంటే వ్యానులో బాత్రూం కట్టించాల," అని జగన్నాధం నవ్వాడు. "వైజాగ్‌లో ఏదో కొత్త మందు పరీక్షిస్తన్నారని ఎల్లి చేరింది. మూడు నెల్లయింది. ఏటి తగ్గింది?"

ఆ వదిన, జగన్నాధం భార్య ఈశ్వరి, పక్కనే కూరలు తరుగుతోంది. మూత్రం ఆపుకోలేక, కిందటేడు నలుగురి మధ్యా పెళ్ళిపందిట్లో పట్టుచీర తడుపుకుంది. అప్పట్నించి ఏ శుభకార్యానికీ గడప దాటలేదు. మళ్ళీ మనుషుల్లో కూర్చోగలనన్న ఆశ ఆమెకి ఆ మందు మీదే.

ఆయన వెక్కిరింపులు ఆమె మనసులో పెట్టుకోదు. రోజూ ఆమె స్నానం చేసి రాగానే సీసాలోంచి బిళ్ళ తీసి, గ్లాసుడు నీళ్ళతో చేతికందించేది ఆయనే మరి. ఇన్నేళ్ళ కాపరంలో మంచినీళ్ళు కూడా తనంత తాను ముంచుకోని మనిషి. ఆ ఒక్క గ్లాసు చూసి ఆమె చాలా మరిచిపోయింది.

"అన్నియ్యా, నువ్వు ఊరూరా టీ అని బండి ఆపించావంటే ముహూర్తం దాటిపోతాది," అంది పద్మకుమారి.

"ఈసారి ఎక్కడా ఆపక్కర్లేదు. తిన్నగా ఎల్లిపోదాం."

"టీ మానేసినావేటి?"

"వయసొస్తన్నాది కదే."

అంతలో ఈశ్వరి ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి డాక్టరమ్మ.

"ఈశ్వరిగారూ, మీ రక్తంలో మా మందు జాడే లేదమ్మా. వేసుకోకుండానే వేసుకుంటున్నానని చెప్పడం ఏం బావుంది? మీ పేరు ట్రయల్‌లోంచి తీసేస్తున్నాం."

"ఒక్కపూట మానలేదండి. మా ఆయనే రోజూ తన చేత్తో..."

అక్కడితో ఫోన్ పెట్టేసి లోపలికి నడిచింది.

అత్తగారి అలమరలో ఎముకల బిళ్ళల సీసా. ఒకటి అరచేతిలో వేసుకుంది. అదే తెలుపు, అదే గుండ్రం. నాలుక మీద పెట్టుకుంది. సుద్దముక్క రుచి. కొత్త మందు రుచే అంత కాబోలని మూడు నెలలుగా ఆమె రోజూ మింగుతున్న రుచి.

బిళ్ళ కరిగిపోయేదాకా అక్కడే నిలబడింది. తర్వాత తలుపు దగ్గరికి వేసి డాక్టరమ్మకి ఫోన్ చేసింది.

మధ్యాహ్నం అందరూ భోజనాలకి కూర్చున్నారు. ఈశ్వరి అందరికీ పులుసు వడ్డించింది. గిన్నె కింద పెట్టి, మామూలుగానే చెప్పింది.

"సోమవారం ఈయన్ని వైజాగ్ ఆసుపత్రికి తీసుకెళ్తన్నాను."

"ఆడికేటయిందే?" అంది అత్తగారు.

"నా పేరు మళ్ళీ రాయాలంటే, ఇన్నాళ్ళూ నా మందు మింగినోళ్ళు వచ్చి డాక్టరమ్మ ముందు ఒప్పుకోవాలంట."

జగన్నాధం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అత్తగారు కొడుకు వైపు చూసింది.

"అన్నియ్యకి నీ మందెందుకు వదినా?"

ఈశ్వరి ఆయన కంచం పక్కన మంచినీళ్ళ గ్లాసు పెట్టింది.

"మీ అన్నయ్య బండి ఆపించేది టీ కోసం కాదు పద్మా. ఆయనదీ నా జబ్బే."