మీకొక్కరికే

"ఈ వీధిలో మీకొక్కరికే ఇస్తానక్కా," అని గౌన్లు కుట్టి అమ్మే ఆమె, రేటు తగ్గించలేక, షాపక్కకు మాటిచ్చింది.

"అయితే నేనూ ఇంకెవరి గౌన్లూ పెట్టను," అంది షాపక్క.

ఇవాళ సరుకు తెచ్చి మూట విప్పుతుంటే, అద్దాల తలుపులోంచి ఎదురు షాపాయన రోడ్డు దాటి ఇటే వస్తూ కనిపించాడు. ఆయన చేతిలో ఆమె కుట్టిన పసుపు గౌను ఉంది. ఇదే మాట చెప్పి నిన్న ఆయనకూ అమ్మింది మరి.

ఆమె పై ప్రాణాలు పైనే పోయాయి. చేతికందిన గౌను లాక్కుని, "ఇది వేసుకుని చూస్తానక్కా," అంటూ ట్రయల్ రూమ్ వైపు పరుగెత్తింది.

"అందులోకి వద్దమ్మా, లైటు వెలగదు!" అని షాపక్క అరిచింది. అప్పటికే ఆమె లోపలికి దూరి తెర లాగేసుకుంది.

"గౌన్ల అమ్మాయి ఇటొచ్చిందా?" బయట ఎదురు షాపాయన గొంతు గట్టిగా వినిపించింది.

ఆమె ఊపిరి బిగబట్టింది. అయినా ఊపిరి చప్పుడు వినిపిస్తూనే ఉంది.

తెర సందులోంచి పడే వెలుగులో, మూలన గౌన్ల మూటను కావలించుకుని నిలబడ్డ మనిషి కనిపించాడు.

"అరవకండి, మీకు పుణ్యముంటుంది," అన్నాడతను గొంతు తగ్గించి. "గౌన్లు సప్లై చేసే ఆవిడ వస్తోందని, నా మూట ఆవిడ కంటపడకూడదని షాపక్క నన్ను ఇందులోకి తోసేసింది. ఆవిడ వెళ్లిపోయిందా?"