తువాల కింద చరిత్ర

కూతురు పరీక్ష తప్పాలంటే ఏం చెయ్యాలా అని ఆదోని పత్తి వ్యాపారి ఆంజనేయులు శెట్టి వారం రోజులుగా ఆలోచిస్తున్నాడు.

ఆయన చెడ్డవాడేం కాదు. మాట మీద నిలబడే మనిషి, వచ్చిన చిక్కంతా అదే. పాసవుతున్నన్నాళ్ళూ జయశ్రీ చదువు ఆపనని తన తల్లి భీమమ్మకు దేవుడి పటం ముందు మాటిచ్చాడు. ఇప్పుడేమో ఎమ్మిగనూరులో నూలు కొట్టున్న వాళ్ళు పిల్లనడుగుతున్నారు. మంచి సంబంధం. పిల్లేమో ఫిఫ్త్ ఫారం కాగానే సిక్స్త్ ఫారం, ఆ తర్వాత అనంతపురం కాలేజీ అని కలలు కంటోంది. మాట తప్పకూడదు, సంబంధమూ తప్పకూడదు. ఇక తప్పవలసింది పరీక్ష ఒక్కటే.

అదృష్టం అనకూడదు గానీ, జయశ్రీకి జ్వరమొచ్చింది. మంచం దిగేసరికి పరీక్షలు నెత్తి మీద కూర్చున్నాయి. మిగతావి ఎట్లాగో లాగేస్తుంది. హిస్టరీ దగ్గరే వచ్చింది గొడవ.

హిస్టరీ మేష్టారు రామకృష్ణయ్య "చరిత్రను మలుపు తిప్పిన పది ఘట్టాలు" అని తరగతి గోడ మీద రంగుతో వరసగా రాయించి పెట్టాడు. కర్నూలు రాజధాని కావడం పదకొండోదిగా చేర్చాలని ఆయన ఆశ. గోడ మీద చోటు లేదు. పరీక్షలో ఆ పదింటిలోంచి మూడే అడుగుతాడు. మూడింటికీ పేజీలకు పేజీలు వ్యాసాలు రాయాలి. ఆ మూడూ ఏవో ఆయనకూ దేవుడికీ తెలియాలి.

"పదీ చదివేకి కాదు నాయనా. ఏ మూడొస్తాయో యాడ కనుక్కునేది?" అని జయశ్రీ ఏడ్చింది.

"నేను కనుక్కుంటా లే పాపా," అన్నాడు శెట్టి. అన్నాక ఉపాయం తట్టింది. రాని మూడింటిని వస్తాయని చెబితే సరి. కానీ ఏవి రావో తెలియాలంటే ముందు ఏవి వస్తాయో తెలియాలి.

దలాలి సోమప్పకు కబురు చేశాడు. పత్తి మండీలో బేరాలు కుదిర్చేది సోమప్పే. తువాల కింద అమ్మేవాడి వేళ్ళు పట్టుకుని ధర తెలుసుకుంటాడు, మళ్ళీ అదే తువాల కింద కొనేవాడి వేళ్ళు పట్టుకుని చెబుతాడు. పక్కనే నిలబడ్డవాడికి కూడా అంకె అంతుపట్టదు. ఆ ఇద్దరి వేళ్ళ నడుమా సోమప్ప ఇల్లు గడుస్తుంది.

"మా పాప పాస్ గావల్ల సోమప్పా. హిస్టరీ అయ్యవారి కాడ ఆ మూడేవో కనుక్కో," అన్నాడు శెట్టి, అసలు సంగతి దాచిపెట్టి. "ఆయనింట్లో పెండ్లి ఉండాది. పరుపులకు పత్తి నేను పంపిస్తానని చెప్పు."

మేష్టారు ముందు మండిపడ్డాడు. "నోటితో చెప్పను, చేత్తో రాసియ్యను అని హెడ్మాస్టరు ముందు ప్రమాణం చేసినానయ్యా!"

సోమప్ప భుజం మీది తువాల తీసి దులిపాడు. "నోటితో సెప్పొద్దు, రాయనూ వద్దు సామీ. నా ఏళ్ళు పట్టుకోండి, సాలు."

మేష్టారు తువాల వైపు చాలాసేపు చూశాడు. ప్రమాణంలో తువాల ఊసు లేదు. చెయ్యి పెట్టాడు.

మరునాడు మండీలో అదే తువాల కింద శెట్టి చేతికి అంకెలు అందాయి. మూడు, ఆరు, తొమ్మిది. గోడ మీది వరసలో అవి తరాయిన్ యుద్ధం, ప్లాసీ యుద్ధం, ఉప్పు సత్యాగ్రహం.

శెట్టి ఇంటికొచ్చి కూతురిని పిలిచాడు. అబద్ధం చెప్పడానికి వేరే మూడు అంకెలు కావాలి. సరుకు ఎంతకు కొన్నావని ఎవరడిగినా ఒకటి తగ్గించి చెప్పే నోరు ఆయనది. అంత దూరం వెతుక్కునే పని లేకుండా రెండు, ఐదు, ఎనిమిది అని ఆ నోరే పలికేసింది.

"కళింగ యుద్ధం, తళ్ళికోట, సిపాయిల తిరుగుబాటు. ఈ మూడే చదువు పాపా. మిగతావి ముట్టొద్దు."

జయశ్రీ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "నా చదువంటే నీకు ఇష్టం లేదనుకుంటి నాయనా."

ఆ పూట శెట్టికి అన్నం సయించలేదు. చేస్తున్నది పాపమని తెలుసు. అయినా చెయ్యి కడుక్కుని, ముహూర్తం చూసుకోమని ఎమ్మిగనూరుకు మనిషిని పంపాడు.

హిస్టరీ పరీక్ష రోజు వీధి మొగదలలోనే జయశ్రీ కేకలు వినబడ్డాయి.

"మూడూ వచ్చినాయి నాయనా! కళింగ, తళ్ళికోట, సిపాయిలు! చెయ్యి నొప్పి పుట్టేదాకా రాసినా!"

పరుగెత్తుకొచ్చి తండ్రి కాళ్ళకు దండం పెట్టింది. భీమమ్మ ఆనందం పట్టలేక కొడుకు నోట్లో బెల్లం కుక్కింది. "మాట నిలబెట్టుకుంటివి గదరా, నా బంగారు కొండా!"

శెట్టి బెల్లం నములుతూ నిలబడిపోయాడు. మోసం చేసింది మేష్టారా, సోమప్పా? ఎవరైతేనేం, ఏమని నిలదీస్తాడు? ఎమ్మిగనూరు వాళ్ళకు ఏ ముఖంతో చెబుతాడు?

ఇంతలో గుమ్మం బయట సోమప్ప కనిపించాడు. ఏ ప్రశ్నలు వచ్చాయో బజారులో పిల్లల నోట విని వచ్చాడట. లోపలికి అడుగు పెట్టే ధైర్యం లేక, శెట్టి బయటికి రాగానే రెండు చేతులూ పట్టుకుని భోరుమన్నాడు.

"పాప గొంతు కోస్తి శెట్టీ, నీ సెప్పుతో కొట్టు నన్ను! అయ్యవారు ఇచ్చింది రెండు, ఐదు, ఎనిమిదే. అమ్మేటోని అంకె కొనేటోనికి ఉన్నదున్నట్టు ఏనాడు సెప్పినా నేను? అలవాటు కొద్దీ ఒక్కోదానికి ఒకటి పెంచేస్తి!"