మెట్టు మీది ఆంప్లిఫయర్

"ఇంకా బోణీ కాలేదమ్మా. ఎదురుగా నిలబడబాక, పక్కకి పో" అన్నాడు బాలసుందరం, షట్టర్ తాళాలు జేబులో వేసుకుంటూ.

చింతాద్రిపేట సందులో అతని ఆడియో షాపు ముందు కస్తూరి నిలబడి ఉంది. వ్యాసర్పాడి నుంచి రిక్షాలో తెచ్చిన నల్ల ఇనప పెట్టె ఆమె కాళ్ల దగ్గర, మెట్టు మీద ఉంది. పెట్టె మీద పేరు లేదు, దీపాలు లేవు. ఆమె నుదుట బొట్టు లేదు. బాలసుందరం పెట్టెను చూడలేదు. నుదురే చూశాడు.

"ఆంప్లిఫయరు సార్. నేనే కట్టినాను. మీ షాపులో పెట్టి అమ్మిపెడతారేమోనని..."

"నువ్వా?" నవ్వాడు. "రేపు రైలింజను కూడా కడతావా?"

"ట్రాన్స్‌ఫార్మర్లు చుట్టేది పన్నెండేళ్లుగా నా పనే సార్. మా ఆయన పెట్టెలో బిగించేవాడు. ఇప్పుడు బిగించేది కూడా నేనే. ఇది అమ్ముడుపోతేనే ఇంకొకటి మొదలుపెట్టగలను."

"మొగుడు పోయినాక ఇంట్లో కూర్చోవాల. పొద్దున్నే అంగడి ముందు కాదు. బోణీ అయినాక చూస్తాం. అందాకా ఆ కరెంటు స్తంభం కాడ నిలబడు."

లోపలికి పోయి గోడమీది మూడు పటాలకూ ఊదుబత్తి తిప్పాడు. చివరి పటానికి గంధపుదండ సరిచేశాడు. భక్తికి లోటు లేదు.

అప్పుడే కామేశం శెట్టి వ్యాను వచ్చి ఆగింది. పప్పుల టోకు వ్యాపారి. వ్యాన్లో సింగపూర్ స్పీకర్లు రెండు. ఒక్కొక్కదాన్ని ఇద్దరు కూలీలు మోసి లోపల పెట్టారు.

"వీటికి రెండు ఆంప్లిఫయర్లు కాలిపోయినాయప్పా" అన్నాడు కామేశం. "ఆదివారం మా షడ్డకుడు నా హోం థియేటరు చూసేదానికి వస్తా ఉండాడు. వాడింట్లో కంటే గట్టిగా మోగాల. అంతే."

బాగా వినిపించాలని మాత్రం అనలేదు.

"ఇదిగో, వెయ్యి వాట్లు!" బాలసుందరం ఒక పెట్టెను బల్ల మీద పెట్టాడు. ముందు పలకంతా ఎర్రదీపాలు, పచ్చదీపాలు. సినిమా సీడీలో యుద్ధం పెట్టాడు. రెండు ఫిరంగులు పేలాయి. టక్కుమని శబ్దం. దీపాలు ఆరిపోయాయి.

"లూజు కనెక్షను" అన్నాడు. మళ్లీ పెట్టాడు. మళ్లీ టక్కుమంది.

"అయితే ఈ జపాన్‌ది చూడండి శెట్టిగారూ. పిడుగే!"

పిడుగు పడలేదు గానీ పొగ వచ్చింది.

బాలసుందరం నుదుటి చెమట తుడుచుకున్నాడు. స్తంభం వైపు వేలు చూపించాడు. "బోణీ కాకముందే అది వచ్చి నిలబడె. ఇంకేం మోగతాది?"

"నేను కూడా బండి దిగతానే చూసినాను" అన్నాడు కామేశం. "అప్పుడే అనుకున్నా."

ఇద్దరు మొగవాళ్లకూ కారణం దొరికింది. మనసులు కుదుటపడ్డాయి.

స్తంభం దగ్గర నుంచే కస్తూరి గొంతు పెంచింది. "శెట్టిగారూ, స్పీకరు వెనక నాలుగు ఓములని రాసుంటాది, చూడండి. మామూలువాటికి ఎనిమిది. ఇవి రెండింతలు కరెంటు లాగతాయి. దీపాలు కాదు చూడాల్సింది, లోపలి ట్రాన్స్‌ఫార్మరు బరువు. ఆ వెయ్యి వాట్లదాన్ని ఒంటి చేత్తో ఎత్తండి. తర్వాత మెట్టు మీద ఉండేదాన్ని ఎత్తండి."

"నోరు ముయ్యి!" అని అరిచాడు బాలసుందరం.

కామేశం అప్పటికే ఎత్తాడు. వెయ్యి వాట్లు ఒంటి చేతికి అప్పడాల కట్టలా లేచాయి. బయటికి వచ్చి నల్లపెట్టెకు రెండు చేతులూ వేశాడు. పెట్టె జానెడే లేచింది. నలభై ఏళ్లు మూటలు తూచిన మనిషి. మనుషుల గురించి అతనికి ఏమీ తెలియకపోవచ్చు, బరువు గురించి తెలుసు.

"దీన్ని లోపలికి తెమ్మను" అన్నాడు.

"బోణీ కాకుండా దాన్నీ రానీను, దాని పెట్టెనీ రానీను!"

"అయితే నా స్పీకర్లు బయటికి తెండ్రా!"

షడ్డకుడి ముఖం తలుచుకునేసరికి కామేశానికి శకునం గుర్తులేదు. బాలసుందరం గొణుగుతున్నా కూలీలు ప్లేయరు వైరునూ కరెంటు వైరునూ కిటికీ గుండా బయటికి లాగారు. కస్తూరి మెట్టు మీద చతికిలబడి నాలుగు వైర్లు బిగించింది. యుద్ధం మొదలైంది. ఎత్తి ఉన్న షట్టర్ వణికింది. ఎదురు టీకొట్లో గ్లాసులు గలగలలాడాయి. సందులో జనం మూగారు. అరగంట మోగాక కామేశం పెట్టె మీద చెయ్యి పెట్టి చూశాడు. గోరువెచ్చగా ఉందంతే.

బేరం ఆడలేదు. నోట్లు తీసి మెట్టు మీదే ఆమె చేతిలో పెట్టాడు. స్పీకర్లనూ పెట్టెనూ ఎక్కించుకుని వ్యాను వెళ్లిపోయింది. కామేశం బాలసుందరం వైపు తిరిగి కూడా చూడలేదు.

జనం కదిలారు. బాలసుందరం గడప దాకా వచ్చాడు.

"పాడుమొహమా! నా బోణీ చెడగొట్టినావు కదే!"

కస్తూరి నోట్లను కళ్లకద్దుకుని కొంగున ముడేసింది. "నాది అయింది సార్" అంది. తర్వాత అతని భుజం మీదుగా లోపలికి చూసింది.

"ఆ గంధపుదండ పటంలో ఉండే ఆమె ఎవరు సార్?"

"నా పెండ్లాం. పోయి తొమ్మిదేళ్లాయె. నీకెందుకు?"

"ఏం లేదు సార్. ఈ తొమ్మిదేళ్లుగా దినమూ పొద్దున్నే ఈ షట్టర్ ఎవరు ఎత్తతా ఉండారు?"