మూడో పార్టు హీరో

“నువ్వు ఏడ్వకుంటే అమ్మ మనసెట్ల కుదుటపడ్తదిరా? పిట్టెట్ల ముడ్తది?” అంది సమ్మమ్మ చిన్నమ్మ.

వరంగల్ శ్మశానంలో తల్లిని కాల్చిన మూడో రోజది. విస్తరిలో పెట్టిన అన్నాన్ని ఒక్క కాకీ ముట్టలేదు. రమాకాంత్ కళ్లు పొడిగానే ఉన్నాయి.

చెల్లెలు తేజస్వి మెల్లగా అడిగింది. “అన్నా, ఆ సూపర్‌హీరో సిన్మా మూడో పార్టుల తల్లి సచ్చిపోతే హీరో ఏడ్వలేదని ఎంత పెద్ద రివ్యూ రాసినవ్, యాదికున్నదా?”

“క్యారెక్టర్‌ను ఖరాబు జేసిండ్రని రాసిన. ఒక్క స్టారే ఇచ్చిన.”

“అమ్మ గూడ చూసింది గద. ఏమన్నది?”

రమాకాంత్ విస్తరివైపే చూస్తూ చెప్పాడు. “పాపం, పిలగానికి ఏడుపొస్తలేదురా అన్నది. నీకు తెల్వదు ఊకోమన్న.”

సమ్మమ్మ అతని భుజం పట్టి కుదిపింది. “ఏడ్వరా కొడుకా!”

“ఊకో చిన్నమ్మా,” తేజస్వి ఆమె చేయి తీసేసింది. “పాపం, అన్నకు ఏడుపొస్తలేదు.”